నిలదీసే నవ్వు: నైజీరియా ప్రజాజీవితంలో పరిహాసం



ఇది మాస్టారి పేరిట ఏటా జరిగే స్మారకోపన్యాసం. నైజీరియా ప్రభుత్వం 1976లో ప్రాథమిక విద్యను అందరికీ ఉచితం చేసింది. చమురు డబ్బుతో కొత్త బడులు లేస్తున్న ఆ రోజుల్లో మన దేశం నుంచి ఎందరో ఉపాధ్యాయులు అక్కడికి వెళ్ళారు. మాస్టారు వారిలో ఒకరు. తిరిగి వచ్చాక ఆయన మన పిల్లలకు ఇంగ్లీషు పాఠం చెబుతూ ఆ దేశాన్ని తరచు తలచుకునేవారు. నైజీరియన్లు తమ పాలకులను వేళాకోళం చేసే తీరును కాలక్షేపంగా వినవద్దనీ, దాని వెనక పెద్ద చరిత్ర ఉందనీ అనేవారు. ఆ చరిత్రలో నాకు తెలిసినంత మేరకు ఈరోజు మీ ముందు పెడతాను.

బయటి ప్రపంచం నైజీరియా గురించి సాధారణంగా రెండు మాటలు చెబుతుంది. అక్కడ అవినీతి ఎక్కువ అన్నది మొదటిది. అంత కష్టంలోనూ అక్కడి జనం నవ్వుతూనే ఉంటారన్నది రెండోది. 2003లో అనేక దేశాల ప్రజల విలువల మీద జరిగిన ఒక సర్వే, అందరికంటే సంతోషంగా ఉన్నవాళ్ళు నైజీరియన్లేనని చెప్పడంతో ఆ రెండో మాటకు లెక్కల బలం కూడా వచ్చింది. వోలే సోయింకా 2021లో తెచ్చిన నవలకు, భూమి మీద అత్యంత సంతోషంగా ఉన్న జనం నేల అనే అర్థం వచ్చే పేరు పెట్టి, ఆ సంతోషాన్నే ప్రశ్నకు నిలబెట్టారు. అంతకు చాలా ముందే, 1970ల చివర్లో, ఫేలా కూటీ తన ప్రజలు బాధపడుతూ చిరునవ్వు నవ్వడాన్ని తప్పుపడుతూ ఒక పాటే కట్టాడు. నవ్వు కష్టాన్ని మరిపిస్తుంది, కోపాన్ని చల్లారుస్తుంది, పాలకుడికి మేలు చేస్తుంది అన్న వాదం నైజీరియా లోపలా బలంగానే ఉంది.

ఆ వాదం సగమే చూస్తోందని నా అభిప్రాయం. నైజీరియాలో పరిహాసం పుట్టుకతోనే ఒక అభియోగం. తప్పు చేసినవాడి గుమ్మం ముందు, ఊరంతా సాక్షిగా, అతడు దారికి వచ్చేదాకా ఆపకుండా వినిపించే అభియోగం. వినక తప్పని పరిస్థితిలో అతడు ఉన్నంతకాలం ఆ నవ్వుకు ఫలితం ఉండేది. గత వందేళ్ళలో పాలకుడు ఆ పరిస్థితి నుంచి మెల్లమెల్లగా తప్పించుకున్నాడు. నవ్వు అక్కడే నిలబడి ఉంది. ఈ ఎడం ఎలా వచ్చిందో చూడడమే నా ప్రయత్నం.

నైరుతి నైజీరియా యోరుబా ఊళ్ళలో గెలెడె అనే ఉత్సవం ఉంది. లోకానికి తల్లులైన స్త్రీల శక్తిని గౌరవించడానికి మగవాళ్ళు తలకు కొయ్య ముసుగులు తగిలించుకుని ఆడే వేడుక అది. తెల్లవారి జరిగే నృత్యానికి ముందు రాత్రి ఎఫే అనే భాగం జరుగుతుంది. వేషధారి సంతలోకి వచ్చి, ముందు దేవతలకూ తల్లులకూ పెద్దలకూ మొక్కి, ఆ తర్వాత ఆ ఏడాది ఊళ్ళో జరిగిన తప్పులన్నీ పాటగా ఏకరువు పెడతాడు. అందులో దొంగ వ్యాపారి ఉంటాడు, మాట తప్పిన పెద్దమనిషి ఉంటాడు. ఆ రాత్రి అన్న మాటకు మర్నాడు పగ తీర్చుకోకూడదన్నది కట్టుబాటు. మన పల్లెల్లో పగటివేషగాడికి కరణాన్నీ మునసబునూ వాళ్ళ ముఖాన్నే అనుకరించే చనువు ఎలా ఉండేదో, అక్కడ ఈ ముసుగుకు అలాంటి హక్కు ఉండేది. అయితే అక్కడ దానికి పూర్వీకుల, దేవతల అండ కూడా తోడై ఉండడంతో ఆ హక్కు బరువు ఎక్కువ. తూర్పున ఇగ్బో ఊళ్ళలో రాత్రి ముసుగుల సంప్రదాయం, ఉత్తరాన హౌసా సంతల్లో యాన్ కామా అనే హాస్యగాళ్ళ ఆట ఇలాంటివే. వాటి వివరాల్లోకి ఇప్పుడు వెళ్ళను. ఆధునిక రాజ్యం రాకముందే ఈ నేల మీద పరిహాసానికి ఒక పద్ధతి, ఒక వేళ, ఒక రక్షణ ఉండేవన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఆ పద్ధతి మొదటిసారి రాజ్యంతో తలపడిన రోజు మనకు తెలుసు. 1929 నవంబరులో, ఆగ్నేయ ప్రాంతంలోని ఓలోకో అనే ఊళ్ళో, న్వాన్యెరువా అనే వితంతువు తన వాకిట్లో పామాయిల్ తీసే పనిలో ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం కాగితం మీద నియమించిన వారెంట్ చీఫ్ ఒకుగో పంపిన మనిషి ఒకడు వచ్చి, నీ మేకలెన్ని, గొర్రెలెన్ని, ఇంట్లో మనుషులెందరు, లెక్క చెప్పమన్నాడు. మగవాళ్ళ మీద పన్ను పడింది ఇలాంటి లెక్కల తర్వాతే. ఇప్పుడు వంతు ఆడవాళ్ళదని ఆమెకు అర్థమైంది. మీ అమ్మను లెక్కపెట్టారా అని ఎదురడిగింది. మాటామాటా పెరిగి పెనుగులాట దాకా వెళ్ళింది. నూనె చేతులతోనే ఆమె ఊరి స్త్రీల దగ్గరికి పరుగెత్తింది. వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళకు తాటిజాతి మట్టలు కబురుగా పంపారు.

ఆ మట్ట అందుకున్న స్త్రీలు చేసింది వాళ్ళకు తరతరాలుగా తెలిసిన పనే. భార్యను హింసించినవాడి మీదో, సంత నియమం తప్పినవాడి మీదో, ఆడవాళ్ళ పంటలోకి పశువులు వదిలినవాడి మీదో ఇగ్బో స్త్రీలు కలిసికట్టుగా వెళ్ళి కూర్చునేవారు. రోకళ్ళతో ఇంటి గోడల మీద బాదుతూ, అతడి తప్పులను, అవసరమైతే అతడి మగతనాన్ని, పాటకట్టి రాత్రింబవళ్ళు ఎత్తిపొడిచేవారు. క్షమాపణ చెప్పి నడత మార్చుకుంటానని మాట ఇచ్చేదాకా లేచేవారు కారు. ఆ శిక్షే ఇప్పుడు ఒకుగో గుమ్మం ముందుకు వెళ్ళింది. అతడి అధికారానికి గుర్తయిన టోపీని స్త్రీలు అడిగారు. ప్రభుత్వం అతడి మీద విచారణ జరిపి, టోపీ తీసేసి, రెండేళ్ళు జైలుకు పంపింది. ఇక్కడిదాకా పాత న్యాయం పనిచేసింది.

కాని స్త్రీల ఉద్యమం ఓవెరి, కాలబార్ ప్రావిన్సులంతటా వ్యాపించి, నేటివ్ కోర్టుల దగ్గరికీ విదేశీ కంపెనీల దుకాణాల దగ్గరికీ చేరాక, ఎదురుగా ఉన్నది ఊరి మనిషి కాడు. సైనికులు కాల్పులు జరిపారు. 50 మందికి పైగా స్త్రీలు చనిపోయారు. ఒక మనిషి ఇంటిముందు పాడడానికి వచ్చిన ఆడవాళ్ళకు తుపాకీ సమాధానం చెబుతుందన్న ఊహ వాళ్ళ ఆచారంలో ఎక్కడా లేదు. అయినా ఆ ప్రాణాలు వృథా కాలేదు. విచారణ సంఘాలు కూర్చున్నాయి, వారెంట్ చీఫుల వ్యవస్థ తర్వాతి ఏళ్ళలో మారింది. పరాయి ప్రభుత్వం కూడా, ఎంత ఆలస్యంగా అయినా, విన్నది. ఎందుకు విన్నదో ఒకసారి ఆలోచించాలి. దానికి ఆ జనం పన్ను కావాలి, ఆ స్త్రీలు తీసే పామాయిల్ కావాలి. నవ్వేవాళ్ళు లేకపోతే ఖజానా లేదు.

ఇప్పుడు మీ దృష్టిని ఒక్క ఊరి మీద నిలుపుతాను. ఓలుమో అనే పెద్ద కొండరాయి నీడలో 1830లో ఎగ్బా జనం కట్టుకున్న అబెయోకుట. నైజీరియా గడ్డ మీద తొలి వార్తాపత్రిక, యోరుబా భాషలో వచ్చిన 'ఇవే ఇరోహిన్', 1859లో అక్కడి నుంచే వెలువడింది. ఈ ఉపన్యాసంలో తర్వాత రాబోయే చాలామంది ఆ ఊరివాళ్ళే.

1940ల్లో అక్కడ ఒక బడిపంతులమ్మ ఉండేది. ఫున్మిలాయో రాన్సమ్-కూటీ. చదువుకున్న క్రైస్తవ కుటుంబాల ఆడవాళ్ళ సంఘంగా మొదలుపెట్టినదాన్ని ఆమె సంతలో బియ్యమూ బట్టలూ అమ్ముకునే స్త్రీలకు తెరిచింది. వాళ్ళు చెప్పింది విన్నాక తనూ యోరుబా బట్టలే కట్టి సభల్లో యోరుబాలోనే మాట్లాడింది. వలస ప్రభుత్వం తరఫున ఆడవాళ్ళ దగ్గర పన్ను వసూలు చేయించేది ఊరి రాజు, అలాకే బిరుదున్న రెండో అడెమోలా. ఆ పన్నుకు ఎదురు తిరిగిన స్త్రీలు, ఊరేగింపులకు అనుమతి ఇవ్వకపోతే వాటినే వనభోజనాలనీ ఉత్సవాలనీ పిలిచి జరిపారు. బాష్పవాయువు పడితే ఏం చేయాలో సాధన చేశారు. 1947 నవంబరు చివర్లో వేలమంది స్త్రీలు రాజు కోట ముందు రాత్రంతా కూర్చుని పాడారు. ఆ పాటలు ఈ సభలో చదవడానికి నాకు నోరు రాదు. అవి రాజు మగతనాన్నీ మర్యాదనూ ఊరి నడిబొడ్డున విప్పి చూపించే పాటలు. 1949 జనవరిలో అలాకే గద్దె దిగి ఊరు విడిచి వెళ్ళాడు. ఆడవాళ్ళ మీది పన్ను పోయింది. 1950 చివర్లో ఆయన తిరిగి వచ్చిన మాటా నిజమే. అయినా ఏలుతున్న రాజు సింహాసనాన్ని సంత స్త్రీలు పాటలతో ఖాళీ చేయించిన ఈ ఘట్టం మన ఆఫ్రికా చరిత్ర పాఠాల్లో దాదాపు కనబడదు. ఇది చిన్న లోటు కాదని నా బాధ.

ఆ గుంపులో అటూఇటూ కబుర్లు మోస్తూ తిరిగిన ఒక పిల్లవాడు, రాన్సమ్-కూటీ కుటుంబానికి తల్లివైపు చుట్టం, పెద్దయ్యాక ఆ రోజులను 'అకే' అనే తన బాల్యస్మృతుల్లో రాశాడు. ఆయనే 1986లో నోబెల్ అందుకున్న వోలే సోయింకా. ఫున్మిలాయో కొడుకు ఫేలా అప్పటికి తొమ్మిదేళ్ళవాడు.

1960 అక్టోబరు 1న దేశం స్వతంత్రమైంది. కొత్త పాలకులు వేళాకోళాన్ని ఎలా తీసుకుంటారో తేలడానికి ఎన్నో ఏళ్ళు పట్టలేదు. యోరుబా యాత్రా నాటకానికి పెద్దదిక్కు హ్యూబర్ట్ ఒగుండే 1964లో, యోరుబా నాయకుల కుమ్ములాటను ఎత్తిచూపుతూ 'యోరుబా రోను' ఆడితే, పశ్చిమ ప్రాంత ప్రభుత్వం అతడి బృందాన్నే నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి 1966 దాకా, సైన్యం వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. 1966 జనవరిలోనే చినువా అచెబే 'ఎ మ్యాన్ ఆఫ్ ది పీపుల్' విడుదలైంది. చీఫ్ నాంగా అనే మంత్రి జనానికి ఎంత దగ్గరివాడిగా కనిపిస్తూ వాళ్ళ సొమ్ము ఎంత సులువుగా తింటాడో చూపించి, చివర సైనిక తిరుగుబాటుతో ముగిసే నవల అది. పుస్తకం అంగళ్ళలోకి వస్తున్న రోజుల్లోనే, జనవరి 15న, నిజమైన తిరుగుబాటు జరిగింది. పీటర్ పాన్ అనే కలంపేరుతో 'డైలీ టైమ్స్'లో రాసే పీటర్ ఎనహోరో, నైజీరియన్‌గా ఎలా ఉండాలో చెప్పే హాస్యపుస్తకం తెచ్చిందీ ఆ సంవత్సరమే. ఆ తర్వాత ఆయన పదేళ్ళకు పైగా దేశం బయటే బతికాడు. 1967 జూలై నుంచి 1970 జనవరి దాకా బయాఫ్రా అంతర్యుద్ధం. సోయింకా ఆ కాలంలో ఎక్కువ భాగం జైల్లో గడిపాడు.

రాజులు మారినా, సైన్యం వచ్చినా, పాలకుడికి జనంతో అవసరం ఉన్నంతవరకు పాత అభియోగానికి కొంత పట్టు ఉండేది. ఆ పట్టును తెంచింది చమురని నేను నమ్ముతున్నాను. నైజర్ డెల్టాలోని ఓలోయిబిరిలో 1956లో చమురు బయటపడింది. 1958లో తొలి ఓడ వెళ్ళింది. 1970ల మధ్యకు వచ్చేసరికి ఎగుమతుల ఆదాయంలో 90 శాతానికి పైగా దానిదే. 1929లో ఆడవాళ్ళు పన్నును ఎదిరించారు, 1947లోనూ అంతే. ఆ పన్నే వాళ్ళ చేతిలో పగ్గంగా ఉండేదని అప్పుడు ఎవరికీ తోచి ఉండదు. చమురు వచ్చాక ప్రభుత్వానికి సంత స్త్రీ డబ్బుతో పనిలేదు. ఆమె ఇంటిముందుకు లెక్కలవాడు రాడు. ఆమె పాట వినవలసిన అగత్యమూ లేదు.

అలాంటి ఖజానా ఎలా నడుస్తుందో 1975లో లాగోస్ రేవు చూపించింది. సైన్యం బారకాసులకని, ఇతర పనులకని, ప్రభుత్వం తెప్పించుకున్న సిమెంటు సుమారు 2 కోట్ల టన్నులు. రేవుకు ఏడాది పొడవునా దింపుకునే శక్తి అందులో చాలా కొద్దిభాగానికే ఉంది. వందల ఓడలు నెలల తరబడి సముద్రంలో లంగరు వేసి నిలబడ్డాయి. నిలిచినన్ని రోజులకూ వాటికి పరిహారం చెల్లించారు. సంచుల్లోనే సిమెంటు గడ్డకట్టింది. ఏ పౌరుడి జేబు నుంచీ ఆ డబ్బు నేరుగా వెళ్ళలేదు గనుక ఏ పౌరుడికీ పాలకుడు జవాబు చెప్పలేదు.

రెండేళ్ళ తర్వాత ఫేలా వంతు. సైనికుణ్ణి, ఆజ్ఞ వింటే తప్ప కదలని, ఆలోచించని బొమ్మగా చూపించే 'జాంబీ' అనే పాట 1976లో చేశాడు. పిల్లలు వీధుల్లో సిపాయిల వెనక ఆ పాట పాడుతూ నడిచారు. 1977 ఫిబ్రవరి 18న సుమారు వెయ్యిమంది సైనికులు లాగోస్‌లో అతడి ఇంటిని, అతడు కలకూటా రిపబ్లిక్ అని పేరు పెట్టుకున్న ఆవరణను, చుట్టుముట్టి తగలబెట్టారు. ఇంట్లోని స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. 76 ఏళ్ళ ఫున్మిలాయోను మేడ మీది కిటికీలోంచి కిందికి విసిరారు. అలాకే సింహాసనాన్ని కదిలించిన ఆ తల్లి ఆ దెబ్బల నుంచి కోలుకోక 1978 ఏప్రిల్‌లో కన్నుమూసింది. ప్రభుత్వం వేసిన విచారణ, ఈ పని చేసింది ఎవరో తెలియని సైనికుడని తేల్చింది.

వెయ్యిమంది పగటి పూట చేసిన పని. చేసినవాడు తెలియదు. ఒక రాజ్యం తన పౌరులకు జవాబుదారీ కాదని ఇంతకంటే స్పష్టంగా రాసిన కాగితం మరొకటి నాకు కనబడలేదు.

అప్పుడు ఫేలా చేసిన పని అతడి తల్లి చేసినదే, ఇగ్బో స్త్రీలు చేసినదే. 1979లో సైనిక పాలకుడు జనరల్ ఒబసాంజో అధికారం అప్పగించే వేళకు, తల్లి శవపేటికకు ప్రతిగా ఒక పేటికను తన మనుషులతో మోయించుకుని, పాలకుడి నివాసమైన డోడన్ బారక్స్ గుమ్మం దగ్గర పెట్టి వచ్చాడు. ఒబసాంజోదీ అబెయోకుటే. ఒక ఊరి మనిషి అదే ఊరి మనిషి గుమ్మం ముందు, పాత పద్ధతిలో, శవపేటిక సాక్షిగా కూర్చున్నట్టే అయింది. అలాకే అయితే గద్దె దిగాడు. బారక్స్ లోపల నుంచి ఏ జవాబూ రాలేదు. ఆ పేటిక మీద ఫేలా కట్టిన పాట ఆ అభియోగానికి మిగిలిన ప్రతి.

పై స్థాయిలో జవాబు ఆగిపోతే కింద రోజువారీ బతుకు ఎలా మారుతుందో కరెంటు చూస్తే తెలుస్తుంది. 1972లో ఏర్పడిన విద్యుత్ సంస్థ నెపా పేరులోని నాలుగు అక్షరాలను జనం, కరెంటు ఎప్పుడూ ఉంటుందని ఆశపడవద్దు అనే అర్థం వచ్చేలా విప్పుకున్నారు. కరెంటు వచ్చిన క్షణాన వీధి వీధంతా 'అప్ నెపా' అని అరవడం పిల్లల ఆటగా మొదలై జాతీయ అలవాటు అయింది. 2005లో ఆ సంస్థ పేరు మారింది, 2013లో పంపిణీ ప్రైవేటు కంపెనీల చేతికి వెళ్ళింది. అరుపు మాత్రం పాత పేరుతోనే నిలిచింది. మధ్యతరగతి కిందివాళ్ళు కొనుక్కునే అతి చిన్న జనరేటర్‌కు 'ఐ బెటర్ పాస్ మై నైబర్' అని పేరు. పక్కింటివాడి కంటే నేను నయం అని. చేత్తో పట్టుకుపోయే పరిమాణం, ఒక ఫ్యాను, ఒక టీవీ, రెండు బల్బులకు సరిపడే బలం, రాత్రంతా పెద్ద మోత. మూసిన గదుల్లో దాని పొగకు కుటుంబాలు నిద్రలోనే చనిపోయిన వార్తలు పదేపదే వచ్చాయి. ఆ పేరు విన్నప్పుడు నాకు బాధ కలుగుతుంది. కోట ముందు కలిసి కూర్చున్న జనం ఇప్పుడు ఒకరినొకరు కొలుచుకుంటున్నారని ఆ పేరే ఒప్పుకుంటోంది. నీళ్ళకు సొంత బోరు, కరెంటుకు సొంత జనరేటర్, కాపలాకు సొంత మనిషి. ఇల్లిల్లూ ఒక చిన్న ప్రభుత్వమైన చోట పెద్ద ప్రభుత్వాన్ని నిలదీసే గుంపు కట్టడం కష్టం.

మన రైలు ప్లాట్‌ఫారాల మీద ఈనాటికీ కనబడే నీలం, ఎరుపు, తెలుపు గళ్ళ ప్లాస్టిక్ సంచి మీకందరికీ తెలుసు. 1983 జనవరిలో, చమురు ధర పడిపోయి దేశం ఇబ్బందుల్లో పడినప్పుడు, షగారి ప్రభుత్వం అనుమతి పత్రాలు లేని విదేశీయులను కొద్దివారాల్లో వెళ్ళిపొమ్మంది. సుమారు 10 లక్షల మంది ఘనా దేశస్థులు చేతికి దొరికినవన్నీ ఈ సంచుల్లో కుక్కుకుని రోడ్డున పడ్డారు. ఆ సంచికి 'ఘనా మస్ట్ గో' అనే పేరు స్థిరపడింది. కొన్నేళ్ళకు ఆ సంచి నిండా నైరా నోట్లు పట్టించి రాజకీయ నాయకులకు చేరవేయడం మొదలయ్యాక, లంచానికే అది పర్యాయం అయింది. వెళ్ళగొట్టబడిన పేదవాడి సంచి ఏలినవాడి ఖజానాగా మారిన ఈ ప్రయాణాన్ని ఏ చరిత్రకారుడూ నమోదు చేయకముందే జనం ఒక పేరులో దాచుకున్నారు.

1983 చివర మళ్ళీ సైన్యం వచ్చింది. 1984లో బుహారీ ప్రభుత్వం నాలుగో నంబరు డిక్రీ తెచ్చింది. ప్రభుత్వాధికారిని నవ్వులపాలు చేసే వార్త రాస్తే, ఆ వార్త నిజమైనా సరే, జైలు. నైజీరియా పత్రిక 'ది గార్డియన్' విలేఖరులు టుండే థాంప్సన్, న్దుకా ఇరబోర్‌లకు ఏడాది చొప్పున శిక్ష పడింది. గెలెడె రాత్రి ముసుగుకు ఇచ్చిన రక్షణను రాజ్యం సరిగ్గా తిరగేసి, తనకే ఇచ్చుకుంది. 1986 అక్టోబరు 19న 'న్యూస్‌వాచ్' సంపాదకుడు డెలే గివా ఇంటికి వచ్చిన పార్శిల్‌లో బాంబు పేలి చనిపోయాడు. ఆ హత్యకు ఎవరికీ శిక్ష పడలేదు.

ఆ కాలంలోనే దేశమంతా ఒక టీవీ హాస్య ధారావాహికను ఇష్టంగా చూసేది. 'బేసి అండ్ కంపెనీ', 1980ల మధ్య నుంచి 1990 వరకు. లాగోస్‌లో అద్దెగదిలో ఉండే ఉద్యోగం లేని బేసి, అద్దె కోసం తలుపు కొట్టే మేడమ్, రాత్రికి రాత్రే కోటీశ్వరుడు కావాలనే అతడి ఎత్తులు, ప్రతి వారం అవి బెడిసికొట్టడం. చమురు డబ్బు దేశానికి నేర్పిన దురాశను ఇంటింటి ముందుగదిలో కూర్చోబెట్టి చూపించిన ఆ రచయిత కెన్ సారో వీవా. చమురు తవ్వే నేల ఒగోని అతడి సొంత నేల. అక్కడ పైపుల నుంచి కారిన చమురు పొలాలనూ వాగులనూ పాడు చేసింది, గ్యాస్ మంటలు రాత్రింబవళ్ళు మండాయి. 1990లో అతడి చొరవతో ఒగోని హక్కుల పత్రం వెలువడింది. 1993 జనవరి 4న సుమారు 3 లక్షల మంది ఒగోనీలు శాంతియుతంగా నడిచారు.

హాస్యరచయిత ఉద్యమకారుడిగా మారాడని కొందరు రాస్తారు. నా దృష్టిలో ఆయన పని మారలేదు. టీవీలో దేశం మీద మోపిన అభియోగాన్నే, చమురు కంపెనీ పేరు, ప్రభుత్వం పేరు చేర్చి మళ్ళీ చదివాడు. 1994లో నలుగురు ఒగోని పెద్దల హత్య జరిగింది. అది ఆయన రెచ్చగొట్టినదేనని ఆరోపించి, అప్పీలుకు వీలులేని ప్రత్యేక ట్రిబ్యునల్ ముందు నిలబెట్టారు. 1995 నవంబరు 10న పోర్ట్ హార్కోర్ట్ జైలులో ఆయన్నీ మరో ఎనిమిదిమందినీ సైనిక పాలకుడు అబాచా ప్రభుత్వం ఉరితీసింది. ఆ దేశంలో అభియోగం మోపినవాడే ముద్దాయి అయిన ఘట్టం అది.

1999 మే 29న పౌరపాలన తిరిగి వచ్చింది. పత్రికలు, నాటకం, వేదిక హాస్యం వికసించాయి. హాస్యం ఒక పెద్ద వృత్తిగా నిలదొక్కుకోవడం మంచిదే, ఎందరో యువకులకు అన్నం పెట్టింది. కాని అధ్యక్ష భవనం విందుల్లో, గవర్నర్ల కూతుళ్ళ పెళ్ళిళ్ళలో, ముందువరుసలో కూర్చున్న నాయకుణ్ణి అతడి డబ్బుతోనే నవ్వించడం కూడా ఆ వృత్తిలో భాగమైంది. ముసుగువాడికి ఊరు ఇచ్చిన రక్షణ వేరు, నాయకుడు ఇచ్చే పారితోషికం వేరు. ఈ తేడాను హాస్యకారులలోనే ఆలోచనాపరులు గుర్తించారు. 2012 జనవరిలో పెట్రోలు సబ్సిడీ ఎత్తేసి లీటరు 65 నైరాల నుంచి 141కి పెంచినప్పుడు, లాగోస్ ఓజోటాలో చేరిన జనసమూహం ముందు గాయకులు, హాస్యకారులు రోజూ నిలబడ్డారు. ప్రభుత్వం 97కి దిగింది. జనం నవ్వుకు చాలాకాలం తర్వాత దొరికిన జవాబు అది. ఎందుకు దొరికిందంటే, ఆ వారం సమ్మెతో దేశం స్తంభించింది. నవ్వు వెనక మళ్ళీ ఒక పగ్గం ఉంది.

పగ్గం లేనప్పుడు ఏమవుతుందో 2018 ఫిబ్రవరి చెప్పింది. మకుర్డిలోని పరీక్షల బోర్డు కార్యాలయంలో 3 కోట్ల 60 లక్షల నైరాలు కనబడకపోతే, అక్కడి ఉద్యోగిని ఒకరు, ఆ డబ్బును పాము మింగిందని చెప్పినట్టు బోర్డు ప్రకటించింది. దేశమంతా నవ్వింది. పాము బొమ్మలు, పాటలు, నాటికలు వెల్లువెత్తాయి. ఆ డబ్బు, పరీక్ష రాసి విశ్వవిద్యాలయంలో చేరాలనుకున్న పిల్లల కుటుంబాలు కార్డులు కొనడానికి చెల్లించినది. నవ్వుల హోరులో ఆ పిల్లల ప్రస్తావన చాలా తక్కువగా వినిపించింది. పరిహాసం తన అభియోగాన్ని మరిచిపోయే ప్రమాదం నైజీరియాకు ఉన్నదంటే అది ఇలాంటి చోటే.

ఆ ప్రమాదాన్ని 2020 అక్టోబరు కొంత సరిదిద్దింది. ప్రత్యేక దోపిడీ నిరోధక దళం సార్స్ పోలీసుల దౌర్జన్యాలకు వ్యతిరేకంగా యువత వీధుల్లోకి వచ్చినప్పుడు, ఫోన్లలో చిన్న హాస్యచిత్రాలతో పేరు తెచ్చుకున్న మిస్టర్ మెకరోనీ వంటివాళ్ళు వాళ్ళ మధ్య నిలబడ్డారు. అక్టోబరు 20 రాత్రి లెక్కీ టోల్‌గేట్ దగ్గర సైనికులు కాల్పులు జరిపారు. 2021 ఫిబ్రవరిలో ఆ టోల్‌గేట్ దగ్గరే మళ్ళీ నిరసనకు వెళ్ళిన మెకరోనీని పోలీసులు పట్టుకుపోయారు. ఆ ఏడాది నవంబరులో లాగోస్ రాష్ట్రం నియమించిన విచారణ సంఘం నివేదిక లెక్కీ ఘటనను ఊచకోతతో పోల్చింది. ప్రభుత్వం ఆ మాటను ఒప్పుకోలేదు. అయినా ఇక్కడ ఒక తేడా గమనించాలి. 1977లో విచారణ చేసినవాళ్ళకు సైనికుడెవరో తెలియలేదు. 2021లో కూర్చున్న సంఘం, తల్లులు, గాయపడినవాళ్ళు, ఆసుపత్రి మనుషులు ఒక్కొక్కరుగా చెప్పింది విని, రాసి, పేర్లతో సహా నివేదికగా పెట్టింది. నైజీరియా యువత గెలుచుకున్నది ఇంతే అనుకున్నా, నా లెక్కలో ఇది పెద్దదే.

చివరిగా సారో వీవా విషయం. 2025 జూన్ 12న, ప్రజాస్వామ్య దినోత్సవం నాడు, అధ్యక్షుడు టినుబు ఆయనకూ ఆయనతో ఉరికెక్కిన ఎనిమిదిమందికీ మరణానంతరం క్షమాభిక్ష ప్రకటించి, జాతీయ పురస్కారాలు ఇచ్చాడు. క్షమించడానికి నేరం రుజువై ఉండాలి కదా అని హక్కుల సంఘాలు అడిగాయి. వాళ్ళ కోరిక క్షమాభిక్ష కాదు, 1995 నాటి తీర్పును కొట్టివేసి ఆ తొమ్మిదిమందీ నిర్దోషులని ప్రకటించమని. ఆ తీర్పు రికార్డుల్లో ఇప్పటికీ అలాగే ఉంది.